కారు కబుర్లు: స్టీరింగ్ చివరికంటా తిప్పితే ‘టక్’!

పోయిన సంచికలో టైర్ల గురించి చదివిన మిత్రులు కొందరు, “ఊరందరికీ చెబుతున్నారు సరే, మీ కారు సంగతేమిటి?” అని అడిగారు. చెప్పుకోవాలంటే కాస్త సిగ్గుగానే ఉంది. అయినా నా తప్పు ఇంకొకరికి ఉపయోగపడితే మంచిదే కదా!

మాది జపాన్ నుంచి దిగిన పాత బండి. 1980ల చివర్లో న్యూజిలాండ్ ప్రభుత్వం దిగుమతి నిబంధనలు సడలించిన దగ్గర్నుంచి ఇలాంటివి ఓడల కొద్దీ వచ్చాయి. అక్కడా ఇక్కడా బండి నడిచేది ఎడమ పక్కనే కాబట్టి స్టీరింగ్ మార్చే పని లేదు. ఆక్లాండ్‌లో మనవాళ్ళు చాలామంది మొదట కొనేది ఇలాంటి కారే.

మా డ్రైవ్‌వే ఇరుకు. కారు బయటికి తీయాలంటే స్టీరింగ్‌ని ఇక తిరగనంత వరకు తిప్పాలి. సరిగ్గా అక్కడ ‘టక్’మని ఒక చప్పుడు మొదలైంది. మోటార్‌వే ఎక్కితే ఏమీ లేదు. మా ఆవిడ “ఏవండీ, ఆ చప్పుడేమిటి?” అన్నప్పుడల్లా “రెండు నెలల క్రితమే వాఫ్ పాసయిందిగా” అని తప్పించుకున్నాను. వారంట్ ఆఫ్ ఫిట్‌నెస్ అనేది తనిఖీ చేసిన రోజున బండి ఎలా ఉందో చెప్పే కాగితం. ఆ తర్వాత బండిని సరిగ్గా ఉంచుకునే బాధ్యత మనదే. ఈ సంగతి నాకు తెలియక కాదు, బద్ధకం!

ఆఫీసులో ఎవరైనా “సాఫ్ట్‌వేర్ అప్పుడప్పుడూ ఆగిపోతోంది” అంటే, ఎప్పుడు, ఏం చేస్తే ఆగుతోందో చెప్పమని ప్రాణం తీసేది నేనే. ఇంటికొచ్చాక మాత్రం ఒక్క ప్రశ్న కూడా వేసుకోకుండా, నాలుగు ముక్కలు చదివి “ఇది సీవీ జాయింటే” అని తేల్చేశాను.

అదేమిటంటారా? మన అంబాసిడర్‌లో ఇంజను శక్తి వెనక చక్రాలకు వెళ్ళేది. ముందు చక్రాలు దారి చూపిస్తే చాలు. 1983లో వచ్చిన మారుతీ 800లో బండిని లాగడం, మలుపు తిరగడం రెండూ ముందు చక్రాల పనే అయ్యాయి. చక్రం పక్కకి తిరిగి ఉన్నా ఇంజను శక్తి ఒకే వేగంతో అందాలంటే, మన భుజం కీలులాంటిది ఒకటి కావాలి. అదే సీవీ జాయింట్. ఆల్‌ఫ్రెడ్ ర్జెప్పా అనే ఇంజనీరు 1920లలో కనిపెట్టిన రకంలో ఆరు ఉక్కు గుండ్లుంటాయి. చుట్టూ గ్రీజు, పైన రబ్బరు తొడుగు. తొడుగు చిరిగితే గ్రీజు బయటికి, మట్టి లోపలికి! గుండ్లు అరిగి, మలుపులో యాక్సిలరేటర్ నొక్కగానే ‘టకటకటక’మంటాయి. తొడుగు చిరిగినప్పుడే మార్పించుకుంటే గోటితో పోతుంది, ఆలస్యమైతే గొడ్డలి కావాలి.

ఒక ఆదివారం పొద్దున్నే ఖాళీ కార్ పార్కులో అద్దాలు దించి, స్టీరింగ్ చివరికంటా తిప్పి, నెమ్మదిగా గుండ్రంగా నడిపాను. వెనక సీట్లో మా పదేళ్ళ అమ్మాయి. “విన్నావా, టకటకా అంటోంది!” అన్నాను గొప్పగా. “కాదు నాన్నా, ఒక్కసారే టక్ అంది. ఇందాక రివర్స్‌లో బ్రేక్ వేసినప్పుడు ఇంకొకటి. మధ్యలో ఏమీ లేదు” అంది. నేను వినాలనుకున్నది విన్నాను. అది వినపడింది విన్నది.

గ్యారేజీకి వెళ్ళి “సీవీ జాయింట్ మార్చండి” అన్నాను. ఫిజీ నుంచి వచ్చి స్థిరపడిన ఆ పెద్దాయన నవ్వి, “రోగం నేను చూస్తాను, చప్పుడు సంగతి మీరు చెప్పండి” అన్నాడు. ఎప్పుడు వస్తుంది? ఎన్నిసార్లు? ఏ పక్కనుంచి? మూడింటికీ మా అమ్మాయే జవాబు చెప్పింది. ఆయన కారు పైకెత్తి, కడ్డీతో కింద నుంచి లేపి చూపించాడు. సీవీ జాయింట్ల తొడుగులు శుభ్రంగా ఉన్నాయి. ఎడమ చక్రం కింది బాల్ జాయింట్ మాత్రం వదులై కదులుతోంది. “ఇది పూర్తిగా ఊడితే చక్రం పక్కకి పడిపోతుంది, స్టీరింగ్ మీ మాట వినదు” అన్నాడు.

ఆ వచ్చే శుక్రవారమే మేం టాపో మీదుగా నేపియర్ వెళ్ళాల్సింది. ఆ కొండల్లో 5వ నంబరు హైవే మెలికలు చూసినవారికి నా గుండె ఎందుకు జారిందో చెప్పక్కర్లేదు.

ఇక మీ కోసం, చప్పుళ్ళ పట్టీ:

• మలుపులో వేగం పెంచితే ‘టకటకటక’: సీవీ జాయింట్‌ని అనుమానించండి.
• తిప్పినప్పుడు, గుంటలో పడినప్పుడు, బ్రేక్ వేసినప్పుడు ఒక్క ‘టక్’: బాల్ జాయింటో, సస్పెన్షన్‌లో మరొకటో. వెంటనే చూపించండి.
• నిలిచి ఉన్న కారులో స్టీరింగ్ తిప్పితే ‘టంగ్’మని స్ప్రింగు జారినట్టు: ముందు స్ట్రట్ పైనుండే బేరింగు కావచ్చు.
• చివరికంటా తిప్పి పట్టుకుంటే మూలుగు: హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్‌లో కొంత మామూలే. కొద్ది సెకన్లకు మించి అలా పట్టి ఉంచకండి.
• ‘బరబర’ రాపిడి: టైరు లోపలి అంచుకి తగులుతోందేమో, టైరు సైజు చూడండి.

ఈ పట్టీ మెకానిక్‌తో మాట్లాడటానికే, ఆయన పని మనం చేయడానికి కాదు.

పిల్లలూ, మీకో పని! ఈసారి కారెక్కినప్పుడు ఏ చప్పుడు, ఎప్పుడు, ఎన్నిసార్లు వచ్చిందో కాగితం మీద రాసి అమ్మానాన్నలకివ్వండి. “ఏం కాదులే” అంటే, ఈ పేజీ చూపించండి.

మేం నేపియర్ వెళ్ళాం, వారం ఆలస్యంగా. దారంతా కారు నోరెత్తలేదు, మా అమ్మాయి నోరు మూయలేదు. వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.