కొట్టు పేరు ఎవరిదో పత్రంలో రాయండి



కోయంబత్తూరులోని శ్రీ అంగణ్ణన్ బిర్యానీ హోటల్ పేరు కోసం నడిచిన దావాలో సుప్రీంకోర్టు 2025 మే 9న తీర్పు చెప్పింది. మా విరుదునగర్ జిల్లా వైపు చిన్న వ్యాపారులకు అది సరిగా చేరలేదు. చేరినచోట కూడా "ఇక పేరు తగాదాలకు కోర్టు తలుపు మూసేశారట" అన్న పుకారుగానే చేరింది. తీర్పులో అలా లేదు. అది న్యాయమైన తీర్పేనని నా అభిప్రాయం. కాకపోతే, మనం చదవకుండా సంతకం పెట్టే భాగస్వామ్య పత్రాలకు ఎంత బలం ఉందో ఇప్పుడు మరోసారి తేలింది. భయపడితే ఆ పత్రాలను చూసి భయపడాలి.

ఆ హోటల్ ట్రేడ్‌మార్కును ఒక పక్షం ఇంకొక పక్షానికి రాసిచ్చినట్టు దస్తావేజు ఉంది. తేడా వస్తే ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకు, వెళ్ళాలన్న షరతు అందులోనే ఉంది. దస్తావేజే మోసమంటూ ఒక పక్షం కోయంబత్తూరు కమర్షియల్ కోర్టుకెక్కింది. ఆ కోర్టూ, మద్రాసు హైకోర్టూ, చివరికి సుప్రీంకోర్టూ ఒకే మాట అన్నాయి: షరతు రాసుకున్నారు కనుక ఆర్బిట్రేటరు దగ్గరే తేల్చుకోండి. మోసం అని అర్జీలో ఒక మాట రాసినంత మాత్రాన ఆ షరతు ఎగిరిపోదు. ఈ మాట 2016లోనే, తిరునెల్వేలిలో ఒక హోటల్ భాగస్తులైన అన్నదమ్ముల కేసులో, అదే సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు ట్రేడ్‌మార్కుకూ అది వర్తించింది.

ట్రేడ్‌మార్కు రిజిస్టరు చేయడం, రిజిస్టరులోంచి కొట్టేయడం ప్రభుత్వం పని. దాని ఫలితం లోకమంతటికీ తగులుతుంది కనుక ఆ పని ఏ ఆర్బిట్రేటరూ చేయలేడు. కానీ ఇద్దరి మధ్య కాగితం రాసుకుని పేరు చేతులు మారిందా లేదా అన్నది ఆ ఇద్దరి గొడవ. దాన్ని ఆ ఇద్దరూ ఒప్పుకున్న మనిషి తేలిస్తే తప్పేముంది? ఏ కాగితం మీదా సంతకం పెట్టని బయటివాడు మీ పొట్లం రంగూ పేరూ దింపేసి అమ్ముతుంటే మాత్రం, మునుపటిలాగే నేరుగా కోర్టుకు వెళ్ళవచ్చు. ఆర్బిట్రేషన్ మొదలుకాకముందే తాత్కాలికంగా ఆపించే ఉత్తర్వు కోసం కోర్టును అడిగే హక్కు భాగస్తులకూ ఉంది.

ఇంతకీ ఇది మా వత్రాప్ గొడవ ఎలా అయింది? నేను ఇక్కడ చిన్న కొట్లకు లెక్కలు రాసేవాణ్ణి. శ్రీవిల్లిపుత్తూరు నుంచి సాత్తూరు, కోవిల్‌పట్టి దాకా తెలుగు ఇళ్ళ వ్యాపారాలు చాలా ఉన్నాయి. అన్నదమ్ములో బావమరుదులో కలిసి పెట్టినవే ఎక్కువ. ఇళ్ళలో కోప్పడేది తెలుగులో, కొట్లో బేరమాడేది అరవంలో, సంతకం పెట్టేది ఇంగ్లీషు కాగితం మీద. ఆ కాగితం పుట్టేది బ్యాంకు కోసం, ఆదాయపు పన్ను కోసం. అందుకే అందులో వాటాలు పైసా తేడా లేకుండా ఉంటాయి, కొట్టు పేరు ఎవరిదన్న సంగతి ఒక్క ముక్క ఉండదు. చివర్లో మాత్రం ఆర్బిట్రేషన్ షరతు అచ్చు గుద్దినట్టు ఉంటుంది. 1996లోనే రద్దయిన 1940 నాటి ఆర్బిట్రేషన్ చట్టం పేరు ఇప్పటికీ టైపు చేసి ఇచ్చే మహానుభావులున్నారు!

మా వైపు సరుకులో పేరు కాక మిగిలేది తక్కువ. కోవిల్‌పట్టి కడలై మిఠాయినే తీసుకోండి. నల్లరేగడి వేరుశనగ, బెల్లం, తామ్రపర్ణి నీళ్ళు అందరివీ ఒకటే. 2020 ఏప్రిల్‌లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు ముందే శ్రీవిల్లిపుత్తూరు పాలకోవాకూ వచ్చింది. ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది కానీ అది ఏ ఒక్క కుటుంబం సొత్తూ కాదు. ఆ పేరు వాడుకునే హక్కుదారుగా నమోదు కావడానికి దరఖాస్తు రుసుమును 2020లో 500 రూపాయల నుంచి 10 రూపాయలకు దించారు, మంచిదే. కానీ పది కొట్లలోనూ ఊరి పేరు ఒకటే అయినప్పుడు, కొనేవాడి చెయ్యి ఒకే పొట్లం మీదకు వెళ్ళేది దాని మీది కుటుంబం పేరును బట్టే. బాండీలు, తూకాలు, బాడుగ గది లెక్కకట్టి పంచుకోవచ్చు. ఆ పేరును ఎలా పంచుతారు?

చట్టం ఊరుకోలేదు. 1932 నాటి భాగస్వామ్య చట్టం, వేరే ఒప్పందం లేకపోతే కొట్టు మంచిపేరును సంస్థ ఆస్తిలోనే కలుపుతుంది. చిక్కల్లా ట్రేడ్‌మార్కు దరఖాస్తు దగ్గర వస్తుంది. అందరి డబ్బుతో, పెద్దన్న ఒక్కడి పేరున దరఖాస్తు పెడతారు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఎవరూ అడగరు. తర్వాత ఆయన కొడుకులు సర్టిఫికెట్టు చూపిస్తారు, చిన్నాన్నలు పాత బిల్లు పుస్తకాలు చూపిస్తారు.

ఇక ఆర్బిట్రేషన్ చవక అనుకునేవాళ్ళకు ఒక లెక్క చెబుతాను. ఆర్బిట్రేషన్ చట్టం నాలుగో షెడ్యూలు చూపిన కొలత ప్రకారం, 20 లక్షల తగాదాకు ఆర్బిట్రేటరు ఫీజు 97,500 రూపాయలు. ఒక్కడే అయితే దాని మీద నాలుగోవంతు అదనం, అంటే 1,21,875. వకీలు ఖర్చు వేరు. వేరే ఫీజు ముందే ఒప్పుకుని రాసుకునే వీలుంది, కానీ ఎవరు రాస్తున్నారు? తీర్పు నచ్చకపోతే మామూలు అప్పీలు ఉండదు. కొన్ని కారణాల మీద మాత్రమే, మూడు నెలల్లో, కోర్టులో సవాలు చేయాలి. మేనేజింగ్ పార్ట్‌నరు నియమించినవాడే ఆర్బిట్రేటరని రాసిన పత్రాలు నేను చూస్తూనే ఉంటాను. తగాదాలో లాభం ఉన్న మనిషి ఒక్కడే ఆర్బిట్రేటరును నియమించకూడదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. అలాంటి షరతుతో ముందు హైకోర్టుకు వెళ్ళి ఆర్బిట్రేటరును వేయించుకోవాలి, ఆ తర్వాతే అసలు గొడవ మొదలవుతుంది.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇంకొకటి. భాగస్తుడు చనిపోయినా ఆర్బిట్రేషన్ ఒప్పందం చావదని ఆర్బిట్రేషన్ చట్టం 40వ సెక్షను చెబుతోంది. అది వారసులను కట్టిపడేస్తుంది. ఆ వారసులు ఎవరు? పత్రం ముఖం చూడని భార్య, పెళ్ళై రాజపాళయంలోనో మదురైలోనో ఉన్న కూతురు. ఆర్బిట్రేషన్ చెన్నైలో, ఇంగ్లీషులో జరగాలని ఎవరో ఎప్పుడో టైపు చేసి ఉంటే, ఆ తల్లి రాత్రంతా రైల్లో వెళ్ళి, తనకు రాని భాషలో తన వాటా అడుక్కోవాలి. స్థలమూ భాషా ఎంచుకునే హక్కు చట్టం మనకే ఇచ్చింది. మదురై అని, తమిళం అని రాసుకుంటే కాదనేవాళ్ళెవరు? తెలుగు చదవగల మనిషి దొరికితే తెలుగే రాసుకోవచ్చు.

ఆర్బిట్రేషన్ షరతు జోలికే పోవద్దు, కోర్టే మేలు అనేవాళ్ళున్నారు. కోర్టులో పదేళ్ళు తిరిగి కొట్టు పేరు గెలిచినా, ఆ పేరు గుర్తున్న గిరాకీ మిగలదు. ఆర్బిట్రేటరు వాదప్రతివాదాల కాగితాలు పూర్తయిన ఏడాదిలో తీర్పు ఇవ్వాలి, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో ఆరు నెలలు. నేను షరతు ఉంచమనే అంటాను, బుద్ధిపెట్టి రాయమంటాను.

వ్యాపార సంఘాలూ ఆడిటర్లూ ఈ పాత నమూనాలను పక్కన పెట్టాలి. ట్రేడ్‌మార్కు దరఖాస్తు భాగస్తులందరి పేరునా పెట్టాలి. చిన్న పరిశ్రమకు ఆన్‌లైనులో ఒక్కో తరగతికి 4,500 రూపాయలు, పదేళ్ళకోసారి పునరుద్ధరణ. వేరుపడితే పేరు ఎవరికి, మిగతావాళ్ళకు దాని వెల ఎలా కట్టాలి అన్నది పత్రంలో ఉండాలి. ఇప్పటికే పత్రం ఉన్నవాళ్ళు దాన్ని చించనక్కరలేదు. స్టాంపు కాగితం మీద భాగస్తులంతా సంతకం పెట్టిన అదనపు పత్రం చాలు. పెద్దవాళ్ళు ఉండగానే, ఇంటి ఆడవాళ్ళకు చదివి వినిపించి మరీ రాయించుకోవాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
వత్రాప్, విరుదునగర్ జిల్లా