కౌమ్‌లో ముఖ్‌బిర్

మమ్మల్ని ఎప్పుడూ ఒకటే ప్రశ్న అడుగుతారు. "మీలో ఉన్న చెడ్డవాళ్ల గురించి మీరెందుకు చెప్పరు?" కాషాయం వాళ్లు అడిగితే సరే, వాళ్ల పనే అది. మతం మత్తుమందు అని మాకు పాఠాలు చెప్పే లౌకిక మిత్రులూ గొంతు కాస్త తగ్గించి ఇదే అడుగుతారు. అంటే మంచి ముసల్మాన్ ఎవరు? పక్కింటోడి మీద కన్నేసి ఠాణాకి కబురు మోసేవాడా?

ఆ మంచితనం ఎట్లా ఉంటుందో చూడాలంటే ఒక డాక్యుమెంటరీ ఉంది. పేరు 'టెర్రర్'. మొదటి అక్షరాన్ని బ్రాకెట్లో పెట్టారు, టెర్రర్‌లోనే ఎర్రర్ ఉందని తెలిసేలా. లిరిక్ కబ్రాల్, డేవిడ్ ఫెలిక్స్ సట్‌క్లిఫ్ తీశారు. 2015లో సండాన్స్ ఉత్సవంలో చూపించారు. అందులో మనిషి సయీద్ టోరెస్. అరవై దాటిన నల్లజాతి ముస్లిం. ఒకప్పుడు బ్లాక్ పాంథర్. తర్వాత ఎఫ్‌బిఐ ముఖ్‌బిర్.

ఏ పార్టీ నుంచి వచ్చాడో గుర్తుపెట్టుకోండి. 1956 నుంచి 1971 దాకా కోయిన్‌టెల్‌ప్రో పేరుతో ఉద్యమాల్లోకి మనుషుల్ని పంపి వాటిని లోపలి నుంచి విరగ్గొట్టింది ఈ ఎఫ్‌బిఐయే. 1969 డిసెంబర్ 4న చికాగోలో ఫ్రెడ్ హాంప్టన్‌ను పడకలోనే పోలీసులు కాల్చి చంపారు. ఆ ఇంటి నక్షా గీసిచ్చింది పార్టీలోనే ఉన్న విలియం ఓనీల్. పాంథర్లను మింగిన నోటికే ఒక పాత పాంథర్ మేత వెతికి పెడుతున్నాడు. ఇంతకన్నా పెద్ద ఓటమి ఏముంటుంది?

సయీద్‌ను పిట్స్‌బర్గ్ పంపారు. ఇస్లాంలోకి మారిన ఒక పేదవాడు, ఖలీఫా అల్ అకీలి, అక్కడ ఉంటాడు. అతనితో దోస్తీ చెయ్యాలి, నోరు తెరిపించాలి. అధికారుల ఆదేశాలు ఫోన్లో మెసేజీలుగా వస్తుంటాయి, తెర మీద మనమూ చదువుతాం. సయీద్ వంటవాడు. డబ్బుల కోసం వాళ్లతో పోట్లాడుతుంటాడు. రాక్షసుడేం కాదు. అలిసిపోయిన, అప్పుల్లో ఉన్న ముసలాయన. అందుకే చూడటం కష్టం.

అకీలికి అనుమానం వచ్చింది. సినిమా తీసేవాళ్లు, సయీద్‌కి చెప్పకుండా, అతని దగ్గరికీ కెమెరా తీసుకెళ్లారు. వేటగాడూ వేటా ఒకే సినిమాలో! తన చుట్టూ అల్లుతున్న వల గురించి పత్రికల వాళ్లకి చెప్పుకోవాలని అతను ఏర్పాటు చేసుకున్నాడు. 2012 మార్చిలో, ఆ సమావేశానికి ముందే అరెస్టు చేశారు. టెర్రరిజం కేసా? కాదు. పాత శిక్ష ఉన్నవాడు తుపాకీ ముట్టకూడదు గదా, ఎప్పుడో షూటింగ్ రేంజ్‌లో రైఫిల్ పట్టుకున్నాడని కేసు.

అంతకు ముందు తారిఖ్ షా. న్యూయార్క్ జాజ్ వాయిద్యకారుడు. సయీద్ అతనికి స్నేహితుడయ్యాడు. అల్‌ఖైదా మనిషినని చెప్పుకున్నవాడి ముందు షా విధేయత ప్రకటించాడు, యుద్ధ విద్యలు నేర్పుతానన్నాడు. ఆ అల్‌ఖైదా మనిషీ ఎఫ్‌బిఐ ఏజెంటే! మాటలకి 15 ఏళ్ల జైలు.

పక్కనే ఇంకో సినిమా పెట్టి చూడండి. జేమీ మెల్ట్‌జర్ తీసిన 'ఇన్‌ఫార్మెంట్'. బ్రాండన్ డార్బీ తెల్లవాడు. 2005లో కత్రీనా తుపాను తర్వాత న్యూ ఆర్లీన్స్‌లో 'కామన్ గ్రౌండ్' సహాయ సంస్థ పెట్టినవాళ్లలో ఒకడు. 2008 రిపబ్లికన్ మహాసభ దగ్గర ఇద్దరు టెక్సాస్ కుర్రాళ్లను పట్టించాడు. వాళ్లు పెట్రోలు సీసాలు తయారు చేసిన మాట నిజమే, ఒకరికి నాలుగేళ్లు, ఇంకొకరికి రెండేళ్లు పడ్డాయి. ఆ తర్వాత డార్బీ మితవాదుల సభల్లో వీరుడు, వాళ్ల బ్రైట్‌బార్ట్‌లో పెద్ద ఉద్యోగి. ద్రోహం ఇద్దరిదీ ఒకటే. ఒకడికి వేదిక, ఒకడికి వంటగది. ముఖ్‌బిర్లలో కూడా రంగు చూస్తుంది రాజ్యం.

కబురు మొయ్యనన్నవాళ్ల గతి? విమానం ఎక్కనీయని జాబితాలో పేరు చేరింది. తమవాళ్ల మీద నిఘా పెట్టమంటే కాదన్నందుకే ఇట్లా చేశారని కొందరు ముస్లింలు కోర్టుకెళ్లారు. ఆ ఏజెంట్ల మీద నష్టపరిహారం కోసం దావా వెయ్యొచ్చని 2020 డిసెంబర్‌లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఇక మసీదుల్లో, చాయ్ దుకాణాల్లో చెవులు పెట్టిన న్యూయార్క్ పోలీసు విభాగం ఏం సాధించింది? దాని సంభాషణల నివేదికల నుంచి ఆరేళ్లలో ఒక్క టెర్రరిజం దర్యాప్తూ మొదలుకాలేదని వాళ్ల అధికారే 2012లో ప్రమాణం చేసి ఒప్పుకున్నాడు.

బాంబు పెట్టేవాడిని దాచమని మేం అనడం లేదు. బాంబులకి చచ్చేది మేమూ కదా. మేం అనేది, బాంబు లేని చోట బాంబు మాట పుట్టించడానికి మావాడినే పంపడం గురించి. ఇన్‌ఫార్మర్, కోవర్టు, ఈ మాటలు తెలుగువాళ్లకి కొత్త కాదు. పోలీసులకీ దళాలకీ మధ్య ఆ ముద్రతో ఎందరు దళితులు, ఆదివాసులు చచ్చారో మిత్రులకి మాకన్నా బాగా తెలుసు. పక్కవాడిని నమ్మలేని ఊరు ఎట్లా ఉంటుందో తెలిసి కూడా మా బస్తీని అట్లా మార్చుకోమంటారు. నమాజులో భుజం ఆనించి నిలబడినవాడి జేబులో ఏముందో అని వణకమంటారు.

అమెరికా కథ మాకెందుకంటారా? 2007 మే 18. మక్కా మసీదు. జుమ్మా రోజు. పేలుడులో తొమ్మిది మంది, తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు. చచ్చింది మేము, పట్టుకుపోయిందీ మమ్మల్నే. పాతబస్తీ పిల్లల్ని లోపలేసి కొట్టారు. కోర్టులు వాళ్లని నిర్దోషులన్నాయి. హిందూత్వ మనుషుల మీద నడిచిన కేసు కూడా 2018లో అందరి విడుదలతో ముగిసింది. పేలుడు పెట్టినవాడెవడో కోర్టు చెప్పలేదు. మా పిల్లలకి మాత్రం ప్రభుత్వం 2012లో నష్టపరిహారం, దాంతోపాటు మంచి నడవడిక సర్టిఫికెట్ ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది. సర్టిఫికెట్లు మిగిలాయి.