ఫినాయిల్ వాసన వస్తే ఆస్పత్రి క్లీన్‌గా ఉన్నట్టేనా? అసలు చూడాల్సింది బకెట్లే!

ఆస్పత్రిలో అడుగుపెట్టగానే ఫినాయిల్ వాసన గుప్పుమంటే "బాగానే కడుగుతున్నారు" అనుకుంటాం. కానీ వాసన వేరు, శుభ్రత వేరు. ఎలా తుడుస్తున్నారు, ఎన్ని బకెట్లు వాడుతున్నారు, మాప్ ఎప్పుడు ఉతుకుతున్నారు అన్నదే అసలు లెక్క.

సర్కారు దవాఖానాల శుభ్రత ఏదైనా ఘోరం జరిగితేనే వార్త అవుతుంది. 2015 ఆగస్టులో గుంటూరు జీజీహెచ్‌లో ఎలుకలు కొరికిన పసికందు చనిపోయినప్పుడు, 2022 మార్చిలో వరంగల్ ఎంజీఎం ఐసీయూలో పేషెంట్‌ను ఎలుకలు కొరికినప్పుడు పెద్ద దుమారమే రేగింది. రోజూ జరిగే తుడుపు గురించి మాత్రం చర్చ ఉండదు.

రూల్స్ లేవా? ఉన్నాయి!

2015లో కేంద్రం 'కాయకల్ప్' పథకం తెచ్చింది. ప్రభుత్వ ఆస్పత్రులకు శుభ్రతపై మార్కులు వేసి అవార్డులిస్తారు. అందులో రెండు పాయింట్లు చాలా కీలకం. ఒకటి, పేషెంట్లు ఉండే చోట చీపురు వాడకూడదు. ఊడిస్తే దుమ్ముతో పాటు క్రిములూ గాల్లోకి లేస్తాయి. రెండు, లోపలి మూల నుంచి గుమ్మం వైపు ఒకే దిశలో తుడుచుకుంటూ రావాలి. అటూ ఇటూ తిప్పితే మురికి జాగా మారుతుందే తప్ప పోదు.

మూడు బకెట్ల లెక్క ఇదీ

ఒక బకెట్‌లో డిటర్జెంట్ నీళ్లు, ఇంకోదాంట్లో మామూలు నీళ్లు, మూడోదాంట్లో క్రిమిసంహారక ద్రావణం. ముందు డిటర్జెంట్‌తో తుడిచి, మాప్‌ను మామూలు నీళ్లలో జాడించి పిండాలి. నేల ఆరాక మందు నీళ్లతో మళ్లీ తుడవాలి. నీళ్లు మురికైతే వెంటనే మార్చాలి. ఒకే బకెట్‌తో వార్డంతా తుడిస్తే? మొదటి బెడ్ దగ్గరి మురికిని చివరి బెడ్ దాకా పూసినట్టే.

ఎక్కువ ఘాటు... ఎక్కువ శుభ్రమా?

కాదు. కారిడార్లు, ఆఫీసు గదులకు చాలావరకు డిటర్జెంట్ సరిపోతుంది. రక్తం ఒలికిన చోట 1 శాతం సోడియం హైపోక్లోరైట్ కావాలి. 5 శాతం ద్రావణం ఉంటే ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు కలపాలి, ఏ రోజుకారోజు కొత్తగా కలుపుకోవాలి. మురికి తీయకుండా పైన పోస్తే దాని పవర్ పోతుంది. ఇక బ్లీచింగ్‌ను యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది. ముందు బలయ్యేది శానిటేషన్ సిబ్బందే.

స్క్రబ్బర్ మెషీన్లు ఓపీ హాళ్లకు, కారిడార్లకు బెస్ట్. కిక్కిరిసిన వార్డులో మంచాల మధ్యకు మాత్రం అవి దూరవు. అక్కడ మాపే దిక్కు.

మన దగ్గర నేలే మంచం

నేల కంటే మంచం రెయిలింగ్, తలుపు హ్యాండిల్ లాంటి చేతులు తగిలే చోట్ల నుంచే ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువని నిపుణుల మాట. నిజమే. కానీ మన పెద్దాస్పత్రుల్లో పేషెంట్ వెంట వచ్చినవాళ్లు నేల మీదే పడుకుంటారు, అక్కడే క్యారియర్ విప్పుతారు. కాబట్టి మన దగ్గర ఫ్లోర్‌ను తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు.

డబ్బులిస్తే సరిపోతుందా?

తెలంగాణ 2022-23 బడ్జెట్‌లో శానిటేషన్ ఖర్చును బెడ్‌కు రూ.5,000 నుంచి రూ.7,500కు పెంచింది. మంచి నిర్ణయమే. కానీ చెల్లింపు బెడ్ల లెక్కన జరిగితే, మాప్ ఎన్నిసార్లు మార్చారో బిల్లులో కనిపించదు. ఏజెన్సీలకు పని అప్పగిస్తే సరిపోదు, పద్ధతిని చెక్ చేసే మనిషి కావాలి. తుడిచేవాళ్లకు గ్లౌజులు, బూట్లు, ట్రైనింగ్ కావాలి.

ఈసారి ఆస్పత్రికి వెళ్తే వాసన చూసి తీర్పు ఇవ్వకండి. బకెట్లు ఎన్నున్నాయో, నీళ్లు ఏ రంగులో ఉన్నాయో చూడండి. ఒకే బకెట్, నల్లటి నీళ్లు కనిపిస్తే తుడిచేవాళ్ల మీద అరవొద్దు. సూపరింటెండెంట్‌ను అడగండి. జవాబు చెప్పాల్సింది అక్కడే.