సంకుబుడి కొంగకు తెలిసిన కాలం

యిర్మీయా ప్రవక్త తన గ్రంథం ఎనిమిదో అధ్యాయంలో ప్రజలను గద్దిస్తూ పక్షులను సాక్ష్యానికి పిలుస్తాడు. సంకుబుడి కొంగకు తన రాకపోకల కాలం తెలుసు, దేవుని ప్రజలకే ఆయన న్యాయవిధి తెలియలేదన్నది ఆయన బాధ.

నారాయణఖేడ్ ప్రాంత విశ్వాసులకు ఈ మాట సులువుగానే అర్థమవుతుంది. చలికాలంలో మంజీరా తీరానికి, సింగూరు జలాశయానికి దూరదేశాల పక్షులు వస్తాయి. తలపై రెండు నల్లని చారలుండే పట్టెతల బాతు వాటిలో ఒకటి. టిబెట్, మంగోలియాల్లో పిల్లలను పొదిగి, హిమాలయాలను దాటి మన దేశానికి వస్తుంది. పరికరాలు కట్టి పరిశీలిస్తే ఒక్కోసారి 7,000 మీటర్లకు పైన కూడా ఎగిరినట్టు తేలింది. అక్కడి గాలిలో ప్రాణవాయువు సముద్రమట్టంలో దొరికేదాంట్లో సగం కూడా ఉండదు. పిల్లలు తల్లిదండ్రుల వెంట ఎగురుతూనే దారి నేర్చుకుంటాయి.

సరిగ్గా పక్షులొచ్చే రోజుల్లోనే ఖేడ్ పల్లెల్లో, తండాల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్న కుటుంబాలు చెరకు నరకడానికి పొరుగు ప్రాంతాలకు, కర్ణాటక, మహారాష్ట్రలకు వెళ్తాయి. మహారాష్ట్ర తోటల్లో భార్యాభర్తలను కలిపి ఒక ‘కోయ్తా’గా లెక్కగడతారు. కోయ్తా అంటే చెరకు నరికే కత్తి. పిచ్చుక నేలరాలినా తండ్రికి తెలుసని ప్రభువు చెప్పాడు. ఇక్కడ ఇద్దరు మనుషులు కలిస్తే ఒక కత్తి!

ఈ రెండు వలసలనూ ఒకే గాటన కట్టి, అంతా దేవుని ఏర్పాటేనని ప్రసంగించడం తేలిక. నాకది సమ్మతం కాదు. పక్షిని సృష్టికర్త నియమించిన కాలం నడిపిస్తుంది, కూలీని అప్పు నడిపిస్తుంది. బాతుపిల్లకు ప్రయాణమే బడి. చెరకు తోటకు వెళ్లిన పిల్లకు ఉన్న బడి కాస్తా పోతుంది.

మన సంఘాలకు ఇది కొత్త పాఠమేమీ కాదు. కరువు కాలంలో పోస్నెట్ దొర మెదక్ గుడి కట్టడాన్నే పనిగా చూపి ఆకలిగొన్నవారికి అన్నం పెట్టారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ గుడిని చూడటానికి క్రిస్మస్‌కు బస్సులు కట్టుకుని వెళ్తాం. వెళ్లాలి కూడా. అయితే సొంత సంఘంలో ఎన్ని కుటుంబాలు తోటల్లో ఉన్నాయో పాస్టరుగారి దగ్గర లెక్క ఉందా?

వలస కూలీల పిల్లల కోసం సర్వశిక్షా అభియాన్ కింద సీజనల్ హాస్టళ్లు నడిచాయి. అలాంటిది అందుబాటులో లేనిచోట గుడి వెనుక గది, విశ్వాసులు తెచ్చే పిడికెడు బియ్యం, రాత్రి తోడుండే ఒక పెద్దమ్మ చాలు. దసరా దాటితే బండ్లు కదులుతాయి. సంఘపెద్దలు ఆలోపే హెడ్మాస్టరుగారిని కలిసి, ఆగిపోగల పిల్లల పేర్లు రాసుకోవాలి.