యౌవనస్థులతో కాసేపు: పునాదికి ముందు లెక్క



ఈ నెల మన పుటలో పరీక్షల సంగతి మాట్లాడుకుందాము. పదవ తరగతి, ఇంటర్ పరీక్షలు కావు. చదువు ముగించి ఉద్యోగంలో కుదిరిన పిల్లలు మళ్లీ పుస్తకం పట్టే పరీక్ష ఇది. దాని పేరు పి.ఎం.పి., అనగా ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్. హైదరాబాదు, బెంగుళూరు కంప్యూటర్ కంపెనీలలోనూ, గల్ఫ్ దేశాలలో కట్టడపు పనులలోనూ ఉన్న మన పిల్లలు కొందరు ఇంట్లో దీని మాట ఎత్తుతున్నారు. “ఫీజు డాలర్లలో కట్టాలట, పాసైతే పెద్ద ఉద్యోగమట” అన్నంత వరకే తల్లిదండ్రులకు తెలుస్తుంది. ఆ కాస్త మాట మీదనే అప్పు చేయాలో వద్దో తేల్చుకోవలసి వస్తుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

మొదట, ప్రాజెక్టు అంటే ఏమిటి? మొదలు, చివర ఉన్న పని. రోజూ పాలు పితకడం ప్రాజెక్టు కాదు, పశువుల కొట్టం కట్టడం ప్రాజెక్టు. మన సంఘాలన్నిటికీ తెలిసిన ప్రాజెక్టు మందిర నిర్మాణం. శ్లాబు వేయక ముందే కరెంటు పైపులు పరచాలి. శ్లాబు వేసిన తరువాత నీళ్లు పట్టాలి, సెంట్రింగ్ విప్పే దాకా ఆగాలి. గోడల పూత ఆరక ముందు రంగులు వేయరాదు. ఈ వరుసలో ఏ పని ఒక్కరోజు వెనుకబడినా మొత్తం నిర్మాణమే వెనుకబడుతుందో, ఆ పనుల వరుసను క్రిటికల్ పాత్ అంటారు. మన పెద్ద మేస్త్రీకి ఈ పేరు తెలియదు గాని విషయం బాగా తెలుసు.

డబ్బు లెక్కకు కూడా ఒక పద్ధతి నేర్పుతారు. పది లక్షలతో ఆరు నెలల్లో మందిరం కట్టాలనుకున్నాము. మూడు నెలలకు ఐదు లక్షల పని జరగాలి. చూస్తే నాలుగు లక్షల విలువైన పనే జరిగింది, ఖర్చు మాత్రం ఆరు లక్షలైంది. “ఆరు లక్షలు పెట్టాము గనుక సగం పైనే అయింది” అనుకునే కమిటీ మోసపోతుంది. మనం పెట్టిన ప్రతి రూపాయికి వచ్చిన పని 67 పైసలు మాత్రమే. ఇదే తీరున సాగితే మందిరం పూర్తయ్యేసరికి పదిహేను లక్షలవుతుంది. ఈ సంగతి మూడవ నెలలోనే తెలిస్తే దిద్దుకోవచ్చు. పైకప్పు దగ్గర డబ్బు అయిపోయాక తెలిస్తే ఏమి లాభం?

ఈ పరీక్ష నిర్వహించేది ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ. ఇది 1969లో అమెరికాలో ఏర్పడింది. ఈ యోగ్యతాపత్రం ఇవ్వడం 1984లో మొదలుపెట్టారు. 2021 జనవరిలో వచ్చిన పద్ధతి ప్రకారం 180 ప్రశ్నలు, 230 నిమిషాలు. అంటే ఒక్కో ప్రశ్నకు నిమిషం పావు మాత్రమే. అరవై ప్రశ్నలకొకసారి, మొత్తం రెండుసార్లు, పది నిమిషాల విరామం ఉంటుంది. విరామం తీసుకున్నాక వెనుకటి ప్రశ్నల దగ్గరకు మళ్లీ వెళ్లనివ్వరు. ఈ లెక్కలను సంస్థవారు కొన్నేళ్లకొకసారి మారుస్తుంటారు గనుక ఫీజు కట్టక ముందు వారి తాజా నియమావళిని చూసుకోవడం తప్పనిసరి.

ప్రశ్నలు బట్టీ పట్టి రాసేవి కావు. సందర్భం చెప్పి “ఇప్పుడు నీవు మొదట ఏమి చేస్తావు?” అని అడుగుతారు. మన భాషలో చెప్పాలంటే ఇలా ఉంటుంది. మందిరం గోడలు లేచాయి. చందా ఎక్కువ ఇచ్చిన పెద్దమనిషి వచ్చి “ముందు వరండా కూడా వేయండి” అన్నాడు. సరే అనడమా? కుదరదని ముఖం మీద చెప్పడమా? రెండూ కాదు. వరండా వేస్తే ఖర్చెంత పెరుగుతుంది, ఎన్నాళ్లు ఆలస్యమవుతుంది, పునాది ఆగుతుందా అని మొదట చూడాలి. ఆ లెక్కను నిర్ణయించే అధికారమున్న కమిటీ ముందు పెట్టాలి. వారు తేల్చినది రాసి ఉంచాలి. నాలుగు జవాబులూ మంచివిగానే కనిపిస్తాయి గాని మొదట చేయవలసినది ఒక్కటే ఉంటుంది. చాలామంది తడబడేది అక్కడే.

ఇక అసలు సంగతి. ఈ పరీక్షకు కూర్చోవడానికి చదువు ఒక్కటే చాలదు. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారికి 36 నెలలు ప్రాజెక్టులు నడిపించిన అనుభవం ఉండాలి, అంతకు తక్కువ చదువుకు ఇంకా ఎక్కువ నెలలు కావాలి. ఒకే నెలలో రెండు ప్రాజెక్టులు చూసినా ఒక నెలగానే లెక్క. దానితోపాటు 35 గంటల శిక్షణ పొంది ఉండాలి.

ఒక తల్లి ఈ విషయమై అడిగిన మాట మీ ముందు పెడుతున్నాను. ఆమె కుమారుడు ఇంజనీరింగు ముగించి రెండేళ్లుగా పని చేస్తున్నాడు. అందులో పని నడిపించినది ఏడాది మాత్రమే. శిక్షణ ఇచ్చేచోట “మూడేళ్లు అని రాసేయి, ఎవరూ చూడరు” అన్నారట. అబ్బాయి ఒప్పుకొనేటట్టున్నాడు. ఆమె మెడలోని గొలుసు బ్యాంకులో పెట్టి డబ్బు సర్దింది. “అయ్యగారూ, అందరూ అలాగే రాస్తున్నారట. మా వాడొక్కడే వెనుకబడిపోవాలా?” అని అడిగింది.

అమ్మా, ఆ మాట నిజం కాదు. సంస్థవారు దరఖాస్తులలో కొన్నిటిని ఏరి తనిఖీ చేస్తారు. అప్పుడు డిగ్రీ నకలు, శిక్షణ పత్రం, పైఅధికారి సంతకంతో అనుభవపు రుజువు 90 రోజులలోగా పంపాలి. రెండేళ్ల ఉద్యోగానికి మూడేళ్ల సంతకం ఎవరు పెడతారు? తనిఖీ తప్పిందనుకున్నా, దరఖాస్తు పెట్టేవాడు ఆ సంస్థ నీతి నియమాలకు ఒప్పుకుంటాడు. వాటికి ఆధారం నాలుగు సంగతులు: బాధ్యత, గౌరవం, న్యాయం, నిజాయితీ. వాటికి తలవంచానని సంతకం చేసే కాగితం మీదనే అబద్ధం రాస్తే, తరువాత ఎప్పుడు బయటపడినా యోగ్యతాపత్రం పోతుంది, దానితో ఉద్యోగమూ పోవచ్చు. బయటపడకపోయినా, మూడేళ్ల అనుభవముందని నమ్మి అప్పగించిన పనిని మోయవలసినది ఏడాది అనుభవమున్న మీ కుమారుడే.

అతడు వెనుకబడిపోనవసరం లేదు. అదే సంస్థ క్యాపం అనే మరో పరీక్ష పెడుతుంది. దానికి అనుభవం అడగరు, 23 గంటల శిక్షణ చాలు. ముందు అది రాసి, ఉన్న ఉద్యోగంలోనే చిన్న చిన్న పనులు నడిపించే బాధ్యత అడిగి తీసుకొని, నెలనెలా చేసిన పని ఒక పుస్తకంలో రాసుకొంటే, నెలలు నిండినప్పుడు దరఖాస్తుకు వెతుక్కోనక్కరలేదు. గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు లూకా సువార్తలో చెప్పిన సంగతి మనకు తెలిసినదే. డబ్బుతోపాటు అనుభవాన్ని కూడా ఆ లెక్కలో చేర్చుకోవాలి.

అర్హత ఉన్నవారు చదివే తీరు గురించి రెండు మాటలు. ఉద్యోగం చేస్తూ చదివేవారికి రోజుకు గంటన్నర చొప్పున మూడు నెలలైనా కావాలి. ఆదివారం పది గంటలు చదివి మిగతా వారమంతా మానేస్తే నిలవదు. మొదటి నెల విషయం చదవండి. రెండవ నెల అభ్యాస ప్రశ్నలు చేయండి. తప్పిన ప్రతి ప్రశ్నకూ ఎందుకు తప్పిందో ఒక నోటు పుస్తకంలో రాయండి, మార్కులకన్న ఆ పుస్తకమే మేలు చేస్తుంది. మూడవ నెలలో గడియారం పెట్టుకొని పూర్తి పరీక్షలు కనీసం మూడు రాయండి. నాలుగు గంటలు కదలక కూర్చోవడం కూడా అలవాటు కావలసినదే. “పాసు గ్యారంటీ” అనేవారినీ, మీ బదులు పరీక్ష రాయిస్తామనేవారినీ గడప తొక్కనివ్వకండి.

దరఖాస్తు ఆమోదం పొందాక ఏడాదిలోగా మూడుసార్లు వరకు రాయవచ్చు. కాని తిరిగి రాసిన ప్రతిసారీ మళ్లీ ఫీజు కట్టాలి. పాసైనా అది జీవితకాలపు పత్రం కాదు. మూడేళ్లకొకసారి 60 పాయింట్ల మేరకు చదువు, సేవ చూపి పునరుద్ధరించుకోవాలి.

తల్లిదండ్రులారా, ఆ మూడు నెలలు పిల్లలను ప్రతి పెళ్లికీ ప్రతి శుభకార్యానికీ రమ్మని ఒత్తిడి చేయకండి. రాత్రి పని చేసి వచ్చినవాడు పగలు నిద్రపోతే సోమరి అనకండి. తప్పినప్పుడు పొరుగింటి అబ్బాయితో పోల్చకండి. పెళ్లయినవారైతే కోడలు, పిల్లలు మోసే భారం కూడా గుర్తించండి.

గొలుసు బ్యాంకుకు వెళ్లక ముందే ఇంట్లో అందరూ కూర్చుని మూడు ప్రశ్నలు అడగండి. అనుభవపు నెలలు నిజంగా నిండాయా? ఒకసారి తప్పితే రెండవ ఫీజు ఎక్కడి నుండి వస్తుంది? ఈ పత్రం అడిగే ఉద్యోగాలు అతడు చేసే పనిలో ఉన్నాయా? మూడింటికీ జవాబు దొరికితే ధైర్యంగా పంపండి. దొరకకపోతే ఒక ఏడాది ఆగండి.