ఘాట్ రోడ్డులో డిమ్ కొట్టండి

చలికాలం వచ్చిందంటే తెల్లవారుజామున మూడింటికే పాడేరు దారులకు మెలకువ వస్తుంది. వంజంగి కొండ మీద మేఘాలు చూడాలని, లంబసింగి మంచులో తిరగాలని మైదానం నుంచి వచ్చే కుర్రాళ్ళ బైకులు వరసకట్టి ఘాట్ ఎక్కుతాయి. అదే చీకట్లో, అదే రోడ్డు అంచున, నెత్తిన బుట్టలతో సంతకు బయల్దేరిన ఆడవాళ్ళు నడుస్తుంటారు. బైకు దగ్గరపడేసరికి ఒక చేత్తో బుట్ట పట్టుకుని, రెండో చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, కాలి కింద ఏముందో కనపడకుండానే తారు దిగి పక్కకు ఒదుగుతారు. ఆ పక్కన మట్టి ఉండొచ్చు, లోయ ఉండొచ్చు. బండి మీదున్న కుర్రాడికి అదేమీ పట్టదు. అతని స్పీడోమీటర్ పక్కన చిన్న నీలం దీపం వెలుగుతూనే ఉంటుంది.

హై బీమ్ వేసి ఉందని ఆ నీలం దీపం చెబుతుంది. ఘాట్ రోడ్డులో ఎదురుగా మనిషో బండో ఉండగా అది వెలగడాన్ని హెల్మెట్ లేకపోవడం కన్నా పెద్ద తప్పుగా చూడాలని మేం గట్టిగా అంటున్నాం. హెల్మెట్ లేనివాడు ముందుగా తన తల పోగొట్టుకుంటాడు. హై బీమ్ వేసినవాడు ఎదుటివాళ్ళ చూపు లాక్కుంటాడు.

‘డిమ్’ అనే మాటే మనల్ని కొంత పక్కదారి పట్టించింది. డిమ్ కొడితే వెలుతురు తగ్గిపోతుందని చాలామంది భయం. నిజానికి ముఖ్యంగా తగ్గేది వెలుతురు కాదు, దాని ఎత్తు. బైకుల్లో ఎక్కువగా వాడిన 35/35 వాట్ల బల్బు విప్పి చూడండి. లోపల రెండు తీగలుంటాయి, రెండూ 35 వాట్లవే. లో బీమ్ తీగ కింద చిన్న రేకు దొన్నె ఒకటి కనిపిస్తుంది. రిఫ్లెక్టర్ కింది సగానికి వెలుతురు పోకుండా అది ఆపుతుంది. దాంతో కాంతి పై సగం మీదే పడి, కిందికి వంగి రోడ్డును తడుముతుంది. హై బీమ్ తీగకు ఆ దొన్నె లేదు, కాబట్టి కాంతి దూరానికీ పైకీ పోతుంది. ఈ రెంటికీ మధ్య తేడా ఎడమ బొటనవేలి కింద ఉన్న ఒక్క స్విచ్చు.

పట్నం షాపుల్లో కొని పాత రిఫ్లెక్టర్లలో బిగించే ఎల్ఈడీ బల్బులు ఈ లెక్కంతా పాడుచేస్తున్నాయి. తీగ ఉండాల్సిన చోట వెలుగు పుట్టకపోతే దొన్నె గీసిన హద్దు చెరిగిపోతుంది. అలాంటి బండి లో బీమ్‌లో ఉన్నా ఎదుటివాడికి హై బీమే. వెనక ఇద్దరిని ఎక్కించుకున్న బండి సంగతీ అంతే: వెనకభాగం కుంగి, హెడ్‌లైట్ మొహం పైకి లేస్తుంది.

హై బీమ్‌నే నమ్ముకున్నవాడికి కొండ మీద అది చేసే మేలు కూడా తక్కువే. బైకు లైటు తిన్నగా చూస్తుంది, ఘాట్ రోడ్డు తిన్నగా పోదు. హెయిర్‌పిన్ మలుపు దగ్గర ఆ కాంతి లోయలోని చెట్ల కొసల మీద పడుతుంది, తిరగాల్సిన రోడ్డు మాత్రం చీకట్లోనే ఉంటుంది. అనంతగిరి కాఫీ తోటల మీదుగా మంచు దిగినప్పుడు ఇంకా అన్యాయం. నీటి తుంపరల మీద పడ్డ కాంతి వెనక్కి తిరిగొచ్చి కళ్ళ ముందు తెల్లటి తెర కడుతుంది. అక్కడ దారి చూపేది నేలబారున పోయే లో బీమే.

గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. కళ్ళలో హై బీమ్ పడ్డవాడు మూడు సెకన్లు ఏమీ కనపడకుండా నడిపితే 33 మీటర్లు. ఘాట్‌లో ఒక మలుపు మొత్తం అందులోనే అయిపోవచ్చు. 2021 ఫిబ్రవరి 12న చీకటి పడ్డాక అరకు ఘాట్‌లోని డముకు దగ్గర పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. దానికి లైట్లు కారణమని మేం అనడం లేదు. ఆ రోడ్డులో తప్పుకు మిగిలే చోటు ఎంత తక్కువో మరిచిపోవద్దంటున్నాం.

మరి హై బీమ్ ఎందుకిచ్చారని అడుగుతారు. ఎదుట ఎవరూ లేని తిన్నని దారి కోసం ఇచ్చారు. అక్కడ నిరభ్యంతరంగా వాడుకోండి. మలుపు అవతల వెలుగు కనిపించగానే దించండి. మలుపులోకి వెళ్ళేముందు ఒకసారి డిప్పర్ కొట్టి, అంటే లైటు పైకీ కిందికీ మార్చి, హారన్ వేయండి. లో బీమ్‌లో ఎంత దూరం కనిపిస్తే అంతలో ఆగగలిగే వేగంలోనే పొండి. లారీల వెనక ‘యూజ్ డిప్పర్ ఎట్ నైట్’ అని రాసుకున్న డ్రైవర్లు ఈ మర్యాదను ఏనాటి నుంచో పాటిస్తున్నారు. ఈ కొండల్లోంచే సాగే కొత్తవలస–కిరండూల్ లైను చూడండి. రైల్వే నియమాల ప్రకారం పక్క పట్టా మీద ఎదురుగా రైలొస్తే డ్రైవరు హెడ్‌లైట్ తగ్గించాలి. పట్టా తప్పి రాలేని బండికే ఆ జాగ్రత్త ఉన్నప్పుడు, గజం వెడల్పు మట్టి అంచున నడిచే మనిషి దగ్గర బైకుకు ఎంత ఉండాలి?

చట్టం కొత్తగా చెయ్యక్కర్లేదు. 1989 కేంద్ర మోటారు వాహన నియమాల్లో 106వది ఉంది. లైటుకు 8 మీటర్ల దూరంలో, నేలకు మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు కలగకుండా కాంతి కిందికి వంగి ఉండాలని, లేదా డ్రైవరు దాన్ని వంచగలగాలని అది చెబుతోంది. మీటరున్నర అంటే దాదాపు నడిచే మనిషి కన్ను. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బైకుల లైటు ఇంజనుతోపాటే వెలుగుతుంది, ఆర్పే స్విచ్చు లేదు. పగలు పొరపాటున హై బీమ్‌లో పడ్డ స్విచ్చు రాత్రి దాకా అలాగే ఉండిపోయే అవకాశం దానివల్ల పెరిగింది. బండి అమ్మే షోరూంవాళ్ళు ఆ నీలం దీపం గురించి ఒక్క నిమిషం చెప్పి పంపినా చాలా మేలు.

అల్లూరి సీతారామరాజు జిల్లా యంత్రాంగాన్ని మేం అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలయ్యే చోట, మాడుగుల వైపు పాడేరు ఘాట్ మొదట్లో, సీజనంతా రాత్రిపూట రవాణా శాఖ, పోలీసులు కలిసి లైట్లు పరీక్షించాలి. తెల్లగోడ మీద మీటరున్నర ఎత్తున గీత గీసి, 8 మీటర్ల దూరంలో బండి నిలబెట్టి లో బీమ్ వేయిస్తే చాలు. కాంతి గీత దాటితే హెడ్‌లైట్ స్క్రూ అక్కడే తిప్పించాలి. బల్బు మార్చిన బండైతే పైకి వదలకూడదు. అద్దె బైకులిచ్చేవాళ్ళకూ ఇదే షరతు పెట్టాలి. గిరిజన గ్రామాల యువకులకు లైసెన్సు మేళాలు పెట్టినప్పుడు ఎనిమిది అంకె వేయించి పంపేయకుండా, చీకటి పడ్డాక డిప్పర్ వాడకం చూపించాలి. సంతకు నడిచేవాళ్ళకు మెరిసే పట్టీలు పంచే పని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ చేయగలదు. అయితే ఆ పట్టీ సాకుగా బైకువాడి బాధ్యతను నడిచేవాళ్ళ మీదికి నెట్టకూడదు.

ఈ రోడ్ల మీద రాత్రిపూట ఫీడర్ అంబులెన్సులు కూడా తిరుగుతాయి. బైకుకు పక్కబండి తగిలించి చేసినవి అవి. డోలీలో కొండ దించిన గర్భిణిని అందులో పడుకోబెట్టి, పెద్దాసుపత్రికి చేర్చే బండి దాకా తీసుకెళ్తారు. అది నడిపే మనిషికి కళ్ళకు ఒక చెయ్యి అడ్డం పెట్టుకునే వీలు కూడా లేదు. అందుకే లైట్ల తనిఖీలు ఈ చలికాలం మొదలయ్యేలోపే, ముందుగా అరకు సంత జరిగే శుక్రవారాల తెల్లవారుజాముల్లో ప్రారంభించాలి.