స్కూటరు మొరాయిస్తే తప్పంతా పెట్రోలుదేనా?

పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలపడంపై 2025 ఆగస్టులో దేశవ్యాప్తంగా వివాదం చెలరేగింది. మైలేజీ పడిపోతున్నదని, రబ్బరు భాగాలు పాడవుతున్నాయని వాహనదారులు వాపోయారు. ఆ ఆందోళనలో అధికభాగం నిరాధారమని కేంద్ర పెట్రోలియం మంత్రిత్వశాఖ బదులిచ్చింది. ఇథనాలు లేని పెట్రోలును కూడా బంకులలో ఉంచాలని కోరిన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు అదే సంవత్సరం సెప్టెంబరు 1న తోసిపుచ్చింది. న్యాయస్థానంలో ముగిసిన వివాదం మెకానిక్కు షెడ్డులో ముగియలేదు. హోసూరు పరిసరాలలోనైనా, బళ్లారి పల్లెలలోనైనా, గంజాం తీరంలోనైనా ఉదయం స్కూటరు స్టార్టు కాకపోతే మొదట వినిపించే మాట ఒక్కటే: 'పెట్రోలు మంచిది కాదు.'

ఈ మాటలో నిజం కొంత ఉన్నది. ఆ కొంత ఎంతో తెలియనందువల్లనే అక్కరలేని భాగాలు మార్పించుకొని కుటుంబాలు నష్టపోతున్నాయి.

లెక్క చూద్దాం. లీటరు ఇథనాలులోని శక్తి లీటరు పెట్రోలులోని శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే. కనుక స్వచ్ఛమైన పెట్రోలుతో పోల్చినా 20 శాతం మిశ్రమంలో లోటు ఆరేడు శాతానికి మించదు. పాత ద్విచక్ర వాహనాలలో ఈ మిశ్రమం వల్ల 3 నుండి 4 శాతం మైలేజీ తగ్గవచ్చునని నీతి ఆయోగ్ 2021 నాటి పత్రంలో అంచనా వేసింది. అనగా లీటరుకు 50 కిలోమీటర్లు నడిచే బండి 48కి దిగవచ్చు. అది 38కి దిగితే, పోయిన పన్నెండులో రెండింటిని ఇథనాలు ఖాతాలో వేయవచ్చును. మిగిలిన పది ఎక్కడికి పోయినవో వెదకవలసిందే.

మరొక భ్రమ మన సరిహద్దు పల్లెలకే ప్రత్యేకం. పన్నుల తేడా వల్ల ఆంధ్రప్రదేశ్ వైపు వారు కర్ణాటక బంకులకు, గోదావరి తీరం వారు యానాంకు వెళ్ళి పెట్రోలు పోయించుకోవడం పాత అలవాటే. గీత దాటితే ధర మారుతుంది కాని మిశ్రమం మారదు. అవతలి పెట్రోలు స్వచ్ఛమన్న నమ్మకంతో పోయి వచ్చే ప్రయాణం వృథా.

ఇక బండి దగ్గరకు వద్దాం. సెల్ఫ్ బటను నొక్కినపుడు ఏమి జరుగుతున్నదో గమనిస్తే సగం రోగనిర్ణయం ఇంటివద్దనే అయిపోతుంది. 'టిక్' మని శబ్దం వచ్చి ఆగిపోతే చాలావరకు బ్యాటరీ బలహీనత, లేదా వదులైన టెర్మినలు. అసలు ఉలుకూ పలుకూ లేకపోతే ఫ్యూజును, బ్రేకు స్విచ్చును చూడాలి. చాలా స్కూటర్లలో బ్రేకు పట్టనిదే సెల్ఫ్ పనిచేయదు. బ్రేకు లీవరు కింది చిన్న స్విచ్చులో దుమ్ము చేరినందుకు సెల్ఫ్ మోటారునే మార్పించుకున్న వారున్నారు. మోటారు చురుకుగా తిరుగుతూ ఇంజను మాత్రం అందుకోకపోతే, అప్పుడే స్పార్కును, పెట్రోలును అనుమానించాలి.

కొన్ని వందల రూపాయలకు దొరికే మల్టీమీటరు వీధికొకటి ఉన్నా ఎంతో డబ్బు మిగులుతుంది. రాత్రంతా నిలిపి ఉంచిన బండిలో 12 వోల్టుల బ్యాటరీ 12.5కు పైగా చూపాలి. 12కు దిగువన ఉంటే దాదాపు ఖాళీ అయినట్లే. ఇంజను నడుస్తూ ఏక్సిలరేటరు కొంత తిప్పినపుడు 13.5 నుండి 14.5 వరకు రావాలి. అలా పెరగకపోతే లోపం చార్జింగులో ఉన్నది: మాగ్నెటో కాయిలు కావచ్చు, రెగ్యులేటరు కావచ్చు, నడుమ కాలిపోయిన కనెక్టరు కావచ్చు. దానిని సరిచేయకుండా కొత్త బ్యాటరీ వేస్తే అదీ కొద్దిరోజులకే పడుకుంటుంది. 15 దాటితే రెగ్యులేటరు చెడినట్లే. బల్బులు మాటిమాటికి మాడిపోవడానికి అదే కారణం. 2017 ఏప్రిల్ నుండి ద్విచక్ర వాహనాలకు ఇంజను నడిచినంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయినది. పొలానికి ఒకసారి, బడికి ఒకసారి, అంగడికి ఒకసారి చొప్పున పదే పదే స్టార్టు చేసి నెమ్మదిగా కిలోమీటరు తిరిగే బండిలో ఖర్చయిన చార్జి తిరిగి చేరడానికి వ్యవధి చాలదు.

ఫ్యూజు పోతే సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టే దురలవాటు ఒకటున్నది. ఫ్యూజు కాలవలసిన చోట వైరింగు కాలుతుంది. మళ్ళీ మళ్ళీ ఫ్యూజు పోవడమంటే ఎక్కడో వైరు ఒరుసుకొని బాడీకి తగులుతున్నదని అర్థం. హ్యాండిలు తిరిగే చోట మొదట వెదకాలి. లైట్లు మిణుకుమిణుకు మంటే ఎర్త్ వైరు బిగించిన చోట తుప్పు గీకించాలి. ఉప్పుగాలి తగిలే తీరగ్రామాలలో ఇది తరచుగా వచ్చే బాధ. మెకానిక్కు తమిళుడైనా, కన్నడిగుడైనా, ఒడియా అయినా 'ఎర్త్' అన్న మాట అందరికీ ఒక్కటే కావడం మన అదృష్టం.

బండి నడుస్తున్నది కాని లాగడం లేదంటే పరీక్ష వేరు. ఇంజను మోత పెరుగుతున్నా వేగం పెరగకపోతే బెల్టు, రోలర్లు, క్లచ్ అరిగినవి. దానికీ పెట్రోలుకూ సంబంధం లేదు. సెంటర్ స్టాండు వేసి ముందుచక్రం, వెనుకచక్రం చేతితో తిప్పి చూడాలి. బ్రేకు పట్టుకొని ఉంటే మైలేజీ అక్కడే హరించుకుపోతుంది. స్పార్క్ ప్లగ్గు పొడి మసితో నల్లగా ఉంటే ఎయిర్ ఫిల్టరును చూడాలి. తెల్లబారి ఉంటే పెట్రోలు చాలక గాలి ఎక్కువైనట్లు. ఇథనాలు పాత్ర నిజంగా కనిపించేది ఇక్కడే. అందులో ఆక్సిజను ఉన్నందున కార్బొరేటరు బండిలో మిశ్రమం కొంత పలుచనవుతుంది. ఇంజెక్షను బండి సెన్సారు సాయంతో దానిని సర్దుకుంటుంది. కార్బొరేటరుకు ఆ తెలివి లేదు.

పైగా ఇథనాలు నీటిని పీల్చుకుంటుంది. వానాకాలంలో వారాల తరబడి కదలని బండి ట్యాంకు అడుగున నీరు చేరవచ్చును. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి పగులుతాయి. కొన్ని పాత వాహనాలలో 20,000 నుండి 30,000 కిలోమీటర్ల తరువాత రబ్బరు భాగాలు మార్చవలసి రావచ్చునని మంత్రిత్వశాఖే అంగీకరించింది. గొట్టం వద్ద పెట్రోలు చెమ్మ కనిపిస్తే ఆ రోజే మార్పించాలి. అది అగ్నిప్రమాదానికి సంబంధించిన విషయం.

అసలు చిక్కు వేరొకచోట ఉన్నది. 1980లో హోసూరు నుండి వెలువడిన టి.వి.ఎస్. 50 వంటి మోపెడ్లను ఊరి మెకానిక్కు ఒక స్క్రూడ్రైవరుతో బాగుచేసేవాడు. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు రావడంతో చిన్న బండ్లు సైతం చాలావరకు ఇంజెక్షనుకు మారినవి. వీటిలో బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే కిక్కు కొట్టినా చాలా నమూనాలు స్టార్టు కావు. ఇంజను నడుస్తుండగా డ్యాష్‌బోర్డు మీది హెచ్చరిక దీపం ఆరకపోతే దాని భావం చదవడానికి పరికరం కావాలి. అది చాలా ఊళ్ళలో లేదు; పట్టణం పోవలసిందే. ఐదేళ్ల వ్యవధిలో యంత్రమూ మారింది, ఇంధనమూ మారింది. ఆ మార్పుకు తగిన శిక్షణ మాత్రం రోడ్డుపక్క షెడ్డు వరకు రాలేదు. ఐ.టి.ఐ.లలో ఆదివారం తరగతులు నడిపితే ఈ కొరత ఎంతో తీరుతుంది.

ఇథనాలే వద్దనడం మనకు సాధ్యమూ కాదు, న్యాయమూ కాదు. చెరకు, మొక్కజొన్న అమ్ముకొనే రైతే ఆ పాత స్కూటరుకు యజమాని. అతడు అడగదగినది వేరు. పాత వాహనాల కోసం 10 శాతం మిశ్రమాన్ని కూడా అందుబాటులో ఉంచాలని 2021 నాటి ఆ పత్రమే సూచించింది. బంకులో ఒక పంపు దానికి కేటాయించాలి. ప్రతి పంపు మీద ఇథనాలు శాతాన్ని ఆ ఊరివారు చదవగలిగే లిపిలో వ్రాయాలి; హోసూరులో తమిళంతో పాటు తెలుగులోను, కన్నడంలోను.